సొంత చిలక విధానం

ఒక పెద్ద అడవిలో, మంచి గుణాలు కరువైపోయిన రోజుల్లో, ఒక్క మంచి గుణాన్ని మాత్రం అపురూపంగా పెంచుకుంటూ వచ్చిన ఏదుపంది ఒకడుండేవాడు. పేరు ఏకాంబరం. ఆ గుణం ఏమిటంటే, ఎవరు ఏమడిగినా "తెలియదు" అనేవాడు కాడు.

"ఒకరి మనసు నొప్పించడం నాకు చేతకాదు," అనేవాడు. "పాపం, అంత దూరం నడిచొచ్చి అడిగినవాణ్ణి తెలియదని మొహం మీద చెప్పి పంపేస్తామా? ఏదో ఒకటి చెబితే వాడికీ తృప్తి, మనకీ పుణ్యం."

ఏకాంబరం బడిలో కూర్చుని చదువుకున్నవాడు కాడు. గుడ్లగూబ బడి నడిపే చెట్టు వెనకాల ఒక పాత పుట్టలో నక్కి, లోపల పిల్లలు వల్లెవేస్తుంటే విని నేర్చుకున్నాడు. వానాకాలంలో చినుకుల చప్పుడుకి పాఠం వినపడేది కాదు. "అందుకే నాకు కూడికలు వచ్చు, తీసివేతలు రావు," అని ఎవరూ వెక్కిరించకముందే తనే వెక్కిరించుకునేవాడు. "నా వీపు మీదున్నన్ని కలాలు ఏ పండితుడి దగ్గరా లేవు. తలలో ఏముందని మాత్రం అడక్కండి. అడిగితే అదీ చెప్పేస్తాను."

ఆ అడవిలో తేనె, కుంకుడుకాయలు పోగుచేసి అమ్మే సంస్థ ఒకటుండేది. నూట నలభై మంది ఉద్యోగులు. యజమాని ఏనుగు, కుంభయ్యగారు. కొండ మీద పెద్ద బండ నీడన కూర్చుని ఆయన ఆజ్ఞలు జారీ చేస్తుంటే, ఏకాంబరం వాటిని ఆకుల మీద రాసి బండ కిందున్న రాతి గూట్లో పెట్టేవాడు. పొద్దున్నే అందరూ గూటి దగ్గరికొచ్చి ఎవరి ఆకు వాళ్ళు తీసుకుని పనికి పోయేవారు.

ఆకుల్లో చాలా వరకు మేకలకు తప్ప ఎందుకూ పనికొచ్చేవి కావు. రేపటి మీటింగు ఎల్లుండికి మారిందని ఒకటి, ఎల్లుండి మీటింగు మళ్ళీ రేపటికే వచ్చిందని ఇంకొకటి. కానీ ప్రాణం మీదికొచ్చే కబురు వస్తే మాత్రం ఏకాంబరం తన వీపు మీది ముల్లొకటి పీకి ఆ ఆకుకి గుచ్చేవాడు. ముల్లు పీకితే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అందుకని ఊరికే పీకడు. పదకొండేళ్ళలో ఏడంటే ఏడు ముళ్ళు గుచ్చాడు. ముల్లున్న ఆకు కనపడితే చదవక్కర్లేదు, పరిగెత్తాలని అడవిలో చదువురాని వాళ్ళకి కూడా తెలుసు.

పదకొండేళ్ళయినా ఏకాంబరం తాత్కాలిక గుమాస్తాయే. పర్మినెంటయితే కొండ మీద పొడిగా ఉండే బొరియ ఒకటి క్వార్టర్సుగా ఇస్తారు. ఇప్పుడుంటున్నది వాగు గట్టున. వానాకాలం వస్తే నీళ్ళు తలుపు కొట్టకుండానే లోపలికొచ్చేవి. పోయినేడు పెద్దపిల్ల కొట్టుకుపోబోతే భార్య వరహాలు కాలు పట్టుకుని ఒడ్డుకి లాగింది.

"ఇదిగో, చెబుతున్నా," అంది వరహాలు వేసవి మొదట్లోనే. "ఈ వానల్లోగా కొండెక్కించారా సరే. లేదంటే పిల్లల్ని తీసుకుని మా పుట్టింటి గుట్టకి పోతాను. మీరూ మీ కలాలూ ఈ బురదలోనే కాపరం చేసుకోండి."

"ఎక్కిస్తానే."

"ఎలా?"

"నాకు తెలుసు కదా," అన్నాడు ఏకాంబరం. తెలియదు.

ఆ వేసవిలోనే కుంభయ్యగారు తూర్పుకొండ అడవికి ఏదో సదస్సుకి వెళ్ళి, కొత్త బుద్ధితో తిరిగొచ్చారు. పెద్దవాళ్ళు సదస్సుకి వెళ్ళొస్తే కిందివాళ్ళు దిష్టి తీయించుకోవాలి.

"మనమింకా ఆకులు పట్టుకు వేలాడుతున్నామయ్యా," అన్నారాయన మీటింగులో. "అక్కడ ఆఫీసరుకో పావురం. ఆఫీసరు ఎక్కడుంటే కబురు అక్కడికే. చెట్టెక్కినా, చెరువులో దిగినా భుజం మీద వాలి చెబుతుంది. మనకీ అలా కావాలి. మనకు ఆఫీసర్లేం ఖర్మ, నూట నలభై మందికీ కావాలి. బడ్జెట్ మాత్రం అడక్కండి."

ఖజానా చూసే పందికొక్కు దానయ్య లేచి నిలబడ్డాడు. పొట్ట నేలకి ఆనుతుంటే నిలబడ్డాడో కూర్చున్నాడో తెలిసేది కాదు. "ఖజానాలో గుప్పెడు గింజలే ఉన్నాయండీ. నేనైతే పస్తులుండి కాపాడుతున్నాను."

ఉన్న గుప్పెడుతో ఎలా నెట్టుకురావాలో సలహా చెప్పడానికి గూడకొంగని పిలిపించారు. ఆయన ఏటా రెండు నెలలు మాత్రం ఈ దేశంలో ఉండే వలస పక్షి. గడ్డం కింద పెద్ద సంచి వేలాడుతూ ఉంటుంది. ముప్పై రోజులు మడుగు ఒడ్డున ఆలోచించాడు. ఆలోచించినన్నాళ్ళూ సంచి నిండా చేపలు ఆఫీసు ఖర్చే. ముప్పై ఒకటో రోజున నోరు తెరిచి, "తక్కువ ఖర్చుతో చెయ్యాలంటే ముందుగా ఖర్చు తగ్గించుకోవాలి," అన్నాడు. మడుగులో చేపలు లేవు. ఉన్న బడ్జెట్ అదే.

అప్పుడు లేచాడు ఏకాంబరం. కొండ మీది బొరియ కళ్ళ ముందు మెరిసింది.

"అయ్యగారూ, పావురాలు మనమెందుకు పెట్టాలండీ? మనవాళ్ళందరి దగ్గరా సొంత చిలకలున్నాయి కదా?"

నిజమే. ఆ అడవిలో తిండికి లేనివాడికి కూడా చిలక ఉండేది. పాటలు పాడించుకోవడానికీ, పక్క చెట్టు కబుర్లు వినడానికీ, అత్తగారి మాటలు అనుకరింపజేసి నవ్వుకోవడానికీ తలా ఒకటి పెంచుకునేవారు.

"మనం గోరింకనొకదాన్ని బండ మీద కూర్చోబెడితే చాలు," అన్నాడు ఏకాంబరం. "అది కబురు అరుస్తుంది. దగ్గరి చిలక అందుకుని అంటుంది. అది విని ఆ పక్క చిలక. రెప్పపాటులో అడవంతా పాకిపోతుంది. చిలక వాళ్ళది, జామపండు వాళ్ళది, కబురు మనది."

కుంభయ్యగారి చెవులు రెండూ ఆనందంతో ఊగాయి. "ఏమోయ్ ఏకాంబరం, ఈ పద్ధతి నీకు క్షుణ్ణంగా తెలుసా?"

"తెలుసండి."

వాగు దగ్గర నీటిమట్టం చూసే నీటికుక్క మడుగయ్య మెల్లగా లేచాడు. మాటకారి కాడు, పొద్దస్తమానం నీళ్ళను చూసి చూసి మాటలు తగ్గిపోయినవాడు. "అయ్యగారూ, నా చిలక నా ఇంటిదండీ. ఇంట్లో నా ఆడదీ నేనూ అనుకునే మాటలన్నీ దాని చెవిన పడతాయి. దాన్ని ఆఫీసుకి కలిపేస్తే ఎలాగండీ?"

"నీదీ నాదీ ఏమిటయ్యా?" అన్నారు కుంభయ్యగారు ప్రేమగా. "మనమంతా ఒక కుటుంబం."

ఆఫీసులో ఎవరైనా ఈ మాటంటే తెలివైనవాడు ముందు తన మేతసంచి తడిమి చూసుకోవాలి. మడుగయ్య తడిమి చూసుకుని కూర్చున్నాడు.

"మరి ఎవరి కబురు వాళ్ళకి వేరుచేసే పని?" అన్నాడు ఏకాంబరం. ఎంతైనా పదకొండేళ్ళు ఆ పనే చేశాడు. "ముఖ్యమైనవి ఏవో చూసి, ముల్లు గుచ్చినట్టు..."

"చిలకకి ముల్లు గుచ్చుతావా?" అన్నాడు దానయ్య. "వేరుచెయ్యడానికి ఒకడు, వాడికో మేత. అన్ని కబుర్లూ అందరికీ వెళితే పోలా? పొదుపు."

ఏకాంబరానికి ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. బొరియ పొడిగా ఉంటుంది కదా.

"అందిందో లేదో మనకెలా తెలుస్తుంది?" అని అడిగారు కుంభయ్యగారు చివరగా.

"కబురు వినగానే ప్రతి ఉద్యోగీ తన చిలక చేత 'అందిందండి' అనిపిస్తాడండీ. గోరింక లెక్క చెబుతుంది."

ఇదంతా గూడకొంగ ఒక తామరాకు మీద రాసుకుని, 'సొంత చిలక విధానం' అని పేరు పెట్టి, కింద తన సంతకం చేసి రిపోర్టుగా ఇచ్చాడు.

మొదటి వారం అడవంతా పండగే. చిటారుకొమ్మన ఉన్న ఉడుతకి కూడా అక్కడే కబురు అందుతోంది. రెండో వారానికి ఏం కబుర్లు అందుతున్నాయో అర్థం కావడం మొదలైంది.

పట్టులో చెయ్యి పెట్టి, ఊపిరి బిగబట్టి తేనె తీస్తున్న ఎలుగుబంటి భుజం మీద చిలక "శుభోదయం! ఈ వారపు సూక్తి: నిశ్శబ్దమే బంగారం!" అని గొంతు చించుకుంది. తేనెటీగలు లేచాయి. ఎలుగు మూడు రోజులు కళ్ళు తెరవలేదు.

కుందేలు ఇంట్లో పెళ్ళాంతో "ఆ ఏనుగుకి బుర్ర కంటే చెవులే పెద్దవి" అని అంటే, వాడి చిలక దాన్ని కూడా కబురే అనుకుని పక్క చిలకకి అందించింది. రెప్పపాటులో బండ దాకా వెళ్ళింది. పద్ధతి వేగం గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు.

గడ్డిలో కదలకుండా దాక్కున్న జింక కొమ్ము మీంచి "ఉద్యోగుల ఆరోగ్యమే మా ధ్యేయం!" అని వినపడింది. అది చిరుతపులికి కూడా వినపడింది.

మర్నాడు గోరింక సంతాప సందేశం అరిచింది. నూట ముప్పై తొమ్మిది చిలకలు "అందిందండి" అన్నాయి. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు "అయ్యో పాపం" అన్నారు. ఒక్కొక్క అయ్యో పాపమూ అందరికీ వెళ్ళింది. పొద్దుగుంకేదాకా అడవంతా అయ్యో పాపమే. దాని మధ్యలో జింక పెళ్ళాం ఏడుపు ఎవరికీ వినపడలేదు.

ఏకాంబరం ఇంట్లోనూ అదే గోల. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఒక కబురు, కునుకు తీస్తే ఒక కబురు.

"ఇంతకుముందు మీరొక్కరే బుర్ర తినేవారు," అంది వరహాలు. "ఇప్పుడు దీన్ని కూడా తెచ్చారు."

ఏకాంబరం స్వయంకృషి మీద పైకొచ్చినవాడు కాబట్టి, ఉపాయం కూడా స్వయంగా కనిపెట్టాడు. మూడు రోజులు జామపండు ముక్కలు పెట్టి, గోరింక గొంతు వినపడితే చాలు తనంతట తనే "అందిందండి" అనడం చిలకకి నేర్పాడు. ఆ పైన దాని మీద బుట్ట బోర్లించాడు. లోపల అది వింటుంది, అదే బదులిస్తుంది. బయట హాయి.

ఉపాయం గొప్పదైనప్పుడు దాచుకోవడం కష్టం. పక్కింటి ముంగిస ఎలా చేశావని అడిగాడు. తెలియదనడం ఏకాంబరం ఇంటా వంటా లేదు. వారం తిరిగేసరికి, వాగు దగ్గరే పడుండి ఈ సంగతి ఎరగని మడుగయ్య తప్ప, అడవిలో నూట ముప్పై ఎనిమిది బుట్టలు బోర్లాయి. గిజిగాళ్ళు గూళ్ళు అల్లడం మానేసి బుట్టలు అల్లడంలో పడ్డారు.

బండ మీద గోరింక ఏది అరిచినా, అడవి నలుమూలల నుంచీ ఠకఠకా "అందిందండి, అందిందండి". కుంభయ్యగారు పొంగిపోయారు. "చూశావా దానయ్యా, ఒక్కడు తప్పలేదు! తూర్పుకొండవాళ్ళకి పది మందిలో ఏడుగురికే అందుతుందట."

ఆ సంతోషంలోనే ఒకరోజు ఆర్డరు వేశారు. ఏకాంబరాన్ని పర్మినెంటు చేశారు, కొండ మీద మూడో బొరియ అతనిది, రెండు రోజుల్లో వచ్చి స్వాధీనం చేసుకోకపోతే రెండూ రద్దు. గోరింక అరిచింది. వాగు గట్టున బుట్ట కిందనుంచి చిలక వినయంగా "అందిందండి" అంది.

నాలుగో రోజు ఏకాంబరం ఆఫీసుకి వెళుతూ, మూడో బొరియ ముందు దానయ్య బావమరిది సామాను దించుతుంటే చూశాడు.

"ఇదేమిటి దానయ్యగారూ, ఇది ఎవరికిచ్చారు?"

"నీకే ఇచ్చామయ్యా. ఆర్డరు పంపాం, అందిందన్నావు. రాలేదు. మా బావమరిది వచ్చాడు." దానయ్య కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "ఏం, అందలేదా?"

అందలేదంటే బుట్ట సంగతి బయటపడుతుంది. బుట్ట సంగతి బయటపడితే ఉద్యోగమే ఉండదు.

"అందిందండి," అన్నాడు ఏకాంబరం. అచ్చం తన చిలక గొంతే వచ్చింది. "పొడినేల మీద నాకు నిద్రపట్టదు, అందుకని రాలేదు."

ఇంటికెళ్ళి వరహాలుకి చెప్పలేదు. బుట్ట కూడా ఎత్తలేదు. రావలసిన కబురేదో వచ్చి పోయింది, ఇక వినేదేముంది అనుకున్నాడు. పైగా మర్నాడు కుంభయ్యగారి పుట్టినరోజు. నూట ముప్పై తొమ్మిది శుభాకాంక్షలు నూట ముప్పై తొమ్మిది మందికీ వెళ్ళే రోజు అది. ఆ రోజున బుట్ట ఎత్తేవాడికి మతి ఉండదు.

సరిగ్గా ఆ రోజు పొద్దున, పై కొండల్లో కుండపోత. వాగులో నీళ్ళు ఎర్రబడటం చూశాడు మడుగయ్య. గుర్తురాయి మునగడం చూశాడు. తేనె గోదాము వాగు వంపులో ఉంది. ఇదివరకైతే ఆకు పట్టుకుని తిన్నగా గూటి దగ్గరికి పరిగెత్తేవాడు. ఏకాంబరం వాడి మొహం చూసి ముల్లు పీకేవాడు. ఇప్పుడు గోరింక దగ్గరికి పరిగెత్తి, "వాగు పొంగుతోంది! గోదాము ఖాళీ చెయ్యండి! గట్టునున్నవాళ్ళు కొండెక్కండి!" అని చెప్పాడు.

గోరింక అంతకుముందు అరిచింది: "అయ్యగారు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి!" ఆ తర్వాత అరవబోయేది: "మధ్యాహ్నం చెరకు పంపిణీ!" మధ్యలో, అదే గొంతుతో, అదే రాగంతో మడుగయ్య కబురు అరిచింది.

నూట ముప్పై తొమ్మిది చిలకలు "అందిందండి" అన్నాయి.

మడుగయ్య ఆ చప్పుడు విని గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. అందరికీ అందింది. ఇంక ఇల్లిల్లూ తిరిగి చెప్పక్కర్లేదు. తన పెళ్ళాం పిల్లల్ని తీసుకుని కొండెక్కేశాడు.

ఏకాంబరం అప్పటికి బండ దగ్గర కుంభయ్యగారికి వేసే పూలదండ పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు. గోరింక నెత్తి మీదే అరుస్తున్నా, ఏమంటోందో పట్టించుకోవడం అక్కడ అందరూ ఎప్పుడో మానేశారు. మడుగయ్య తడి ఒంటితో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మీవాళ్ళు ఎక్కేశారా?" అన్నాడు మడుగయ్య.

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? వాగు పొంగుతోందని కబురు పంపాను కదా. నీ చిలక అందిందన్నది కూడా. నా చెవులతో విన్నాను."

దండ కిందపడింది.

ఏదుపంది పరిగెత్తడం ఎవరూ చూసి ఉండరు. ముళ్ళన్నీ గలగలలాడుతూ, దొర్లుతూ, పడుతూ ఏకాంబరం వాగు దగ్గరికి చేరేసరికి అక్కడ గట్టు లేదు. బొరియ ఉన్నచోట ఎర్రటి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. గోదాము తేనె, ఏడాది కష్టం, నీళ్ళ మీద బంగారు చారలుగా పోతోంది.

"వరహాలూ!" అని అరిచాడు. పిల్లల పేర్లు పెట్టి అరిచాడు.

నీళ్ళ మీద బోర్లాపడిన బుట్ట ఒకటి తేలుతూ వచ్చింది. ఎలాగో బయటపడి దాని మీద తడిసిపోయి కూర్చుని ఉంది చిలక. గుండె చిక్కబట్టుకుని చూస్తున్న ఏకాంబరం వంక చూసి, "అందిందండి," అంది.

సాయంత్రం దాకా వంపు వంపూ వెతికాడు. తల వంచుకుని కొండెక్కి, అలవాటు కొద్దీ పాత రాతి గూటి దగ్గరికి వెళ్ళాడు. గూట్లోంచి పిల్లల తగువు వినపడింది. ఎండుటాకుల గుట్ట మీద వరహాలు కూర్చుని చిన్నదాని ఒళ్ళు తుడుస్తోంది.

ఏకాంబరం గూట్లోకి దూరాడు. ముళ్ళు గుచ్చుకుంటాయని కూడా చూడకుండా పిల్లల్ని దగ్గరికి లాక్కున్నాడు.

"నీకు... కబురు ఎవరిచ్చారే?" అన్నాడు చివరికి.

"చీమలు. పొద్దున గుడ్లు నోట కరుచుకుని బారుగా కొండెక్కుతుంటే వాటి వెనకాలే వచ్చేశాను. వాటికి చిలకల్లేవుగా, బతికిపోయాయి." వరహాలు అతని మొహంలోకి చూసింది. "మూడో బొరియ సంగతి కూడా తెలిసింది. దానయ్య బావమరిది పెళ్ళాం చెప్పింది, మంచం వేసుకుంటూ."

ఏకాంబరం తనే చిన్నదాని ఒళ్ళు తుడవడం అందుకున్నాడు.

మూడు రోజులకి విచారణ మీటింగు పెట్టారు. గూడకొంగని మళ్ళీ పిలిపించారు, మడుగులో వరద చేపలు బాగా చేరాయి కాబట్టి.

"కబురు సకాలంలో పంపారా?" అన్నాడు గూడకొంగ.

"పంపాను," అన్నాడు మడుగయ్య.

"అందిందా?"

గోరింక లెక్క చెప్పింది. నూట ముప్పై తొమ్మిదికి నూట ముప్పై తొమ్మిది.

"అయితే విధానంలో లోపం ఏమీ లేదు," అని తేల్చాడు గూడకొంగ. "అందించడమే మన బాధ్యత. వినడం అనేది మన పరిధిలోకి రాదు. అయినా మెరుగుపరచాలంటే, మొదటి చిలకని విన్నారా లేదా అని అడగడానికి ఉద్యోగికి రెండో చిలక ఉండాలి. అది కూడా సొంతదే."

వరదలో తేలిన బుట్టలతో అందరి గుట్టూ బయటపడింది, కానీ అందరినీ తీసేస్తే ఆఫీసే ఉండదు. తేనె మొత్తం పోయినందుకు తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి గిజిగాళ్ళను తిట్టారు. బుట్టలు అల్లకపోతే బోర్లించేవాళ్ళే కాదు కదా.

కుంభయ్యగారు తొండం ఎత్తి ఏకాంబరం వైపు చూపించారు. "ఏమోయ్, ఈ రెండు చిలకల పద్ధతి నడిపించడం నీకు తెలుసా? తెలిస్తే ఇవాళే పర్మినెంటు. చిలకల శాఖకి నువ్వే అధికారివి. లేదంటే చెప్పు, వేరేవాణ్ణి చూసుకుంటాం."

మీటింగంతా ఏకాంబరం వైపు తిరిగింది. మడుగయ్య రెప్పవేయకుండా చూస్తున్నాడు. గూటి అంచున పిల్లల్ని పట్టుకుని వరహాలు చూస్తోంది. జింక పెళ్ళాం కూడా వచ్చి ఒక మూల నిలబడి ఉంది. ఏకాంబరం చెప్పాల్సింది ఒక్క మాట. చిన్నమాట. నాలుగక్షరాలు. పిల్లలు బడిలో మొదటిరోజే నేర్చుకునే మాట. నాలుక దాకా వచ్చింది.

"తెలుసండి," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. మడుగయ్య లేచి వాగు వైపు వెళ్ళిపోయాడు.

గూటికి తిరిగొచ్చాక వరహాలు అరిచి గోల చేస్తుందనుకున్నాడు. ఆమె అరవలేదు. ఆకులు సర్దుతూ మామూలుగా అడిగింది. "నిజం చెప్పండి. ఆ రెండు చిలకల సంగతి మీకేమన్నా తెలుసా?"

ఏకాంబరం చాలాసేపు తన ముళ్ళు సవరించుకున్నాడు.

"పుట్టలో కూర్చుని అన్ని పాఠాలూ విన్నానే," అన్నాడు. "తెలియదని చెప్పడం ఏ రోజున నేర్పారో, ఆ రోజు వాన పడి ఉంటుంది. అదొక్కటి నాకింకా రాలేదు."

నీతి: మునిగినా ఫరవాలేదు, అందిందని చెప్పి మునగాలి.